డెల్టా ఊక, క్వాంటం డాట్లు: ఒక నేపథ్యం

గోదావరి డెల్టాలో 75 కిలోల ధాన్యం బస్తాను మరపడితే సుమారు 15 కిలోల ఊక వస్తుంది. దానిని కాలిస్తే మూడు కిలోల దాకా బూడిద మిగులుతుంది, అందులో అధికభాగం సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన, ఇసుకలో ఉండే పదార్థం. మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో ఊక ఎక్కువగా ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతుంది. నానోపదార్థాల పరిశోధనలో ఈ బూడిద ప్రస్తావనకు రావడం వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది.

సిలికాన్ వంటి, విద్యుత్తును పాక్షికంగా ప్రసరింపజేసే అర్ధవాహక స్ఫటికాన్ని కొన్ని నానోమీటర్లకు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు) కుదిస్తే అందులోని ఎలక్ట్రాన్లకు కదిలే చోటు తగ్గి, స్ఫటికం పరిమాణాన్ని బట్టి అది వెలువరించే కాంతి రంగు మారుతుంది. అలాంటి స్ఫటికాలే క్వాంటం డాట్లు. ఈ ప్రభావాన్ని 1981లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులోను, 1983లో లూయీ బ్రూస్ ద్రావణంలో తేలే కణాల్లోను గుర్తించగా, 1993లో మౌంగీ బవెండీ వాటిని కోరిన పరిమాణంలో తయారుచేసే పద్ధతిని రూపొందించారు. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అయితే తొలినాటి మేలైన డాట్లలో చాలావరకు విషపూరితమైన కాడ్మియంతో చేసినవి. ఎలక్ట్రానిక్ పరికరాల్లో దాని వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2006 నుంచి పరిమితం చేసింది. మామూలుగా కాంతిని దాదాపుగా ఇవ్వని సిలికాన్ కూడా నానో స్థాయిలో గది ఉష్ణోగ్రత వద్దే వెలుగుతుందని లీ కాన్హామ్ 1990లోనే చూపించి ఉండటంతో, విషం లేని ప్రత్యామ్నాయంగా దానిపై ఆసక్తి పెరిగింది.

వంగే ఎలక్ట్రానిక్స్ మరో దారిలో వచ్చింది. ప్లాస్టిక్ కూడా విద్యుత్తును ప్రసరింపజేయగలదని 1977లో తేలింది. తెరల్లో విద్యుత్తును మోసే పారదర్శకమైన ఇండియం టిన్ ఆక్సైడ్ పొర వంచితే పగులుతుంది కాబట్టి, 2004లో వేరుచేసిన గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర), వెండి నానోతీగలు వంటివాటిని దాని స్థానంలో పరీక్షిస్తూ వచ్చారు. ద్రావణంలో కలిసే క్వాంటం డాట్లను పలుచని ప్లాస్టిక్ పొరపై సిరాలా పూయవచ్చు. ఈ రెండు దారులూ కలిసేది అక్కడే.

వరి వేర్లు నేలలోని నీటి నుంచి సిలికా కరిగిన రూపమైన సిలిసిక్ ఆమ్లాన్ని పీల్చుకుంటాయి. అందుకు తోడ్పడే జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి విస్తరించిన నాటి నుంచి, మన చేలు ఏటా ఈ సిలికాను గింజ పైపొట్టులో పోగుచేస్తూనే ఉన్నాయి. 2022లో హిరోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఊకను కాల్చి సిలికా తీసి, విద్యుత్ కొలిమిలో దాన్ని సిలికాన్‌గా మార్చి, రసాయనాలతో సుమారు మూడు నానోమీటర్ల కణాలుగా తగ్గించి, వాటితో నారింజ-ఎరుపు కాంతినిచ్చే ఎల్ఈడీని తయారుచేశారు. డెల్టాకు ఇది నిజంగా సంతోషం కలిగించే వార్త.

కానీ దీన్ని ఉన్నంత మేరకే చెప్పుకోవాలి. ఆ ఎల్ఈడీ నిలిచింది గాజు పలక మీద, అదే ఇండియం టిన్ ఆక్సైడ్ పొరతో; అంటే అది వంగేది కాదు. ఇక పేరులో క్వాంటం ఉంది కదా అని ఊక సిలికాన్ నేరుగా క్వాంటం కంప్యూటర్లకూ సరిపోతుందని అనుకోకూడదు. సిలికాన్ ఆధారిత క్వాంటం కంప్యూటర్లకు దాదాపు పూర్తిగా సిలికాన్-28 ఐసోటోపే (సిలికాన్ పరమాణువుల్లో ఒక ప్రత్యేక బరువు గల రకం) కావాలి. సహజ సిలికాన్‌లో ఐదు శాతానికి కాస్త తక్కువగా ఉండే సిలికాన్-29 కేంద్రకాలకు ఉండే స్పిన్ అనే అయస్కాంత గుణం, ఆ కంప్యూటర్లలో సమాచారాన్ని నిలిపే క్యూబిట్లను చెదరగొడుతుంది. సుమారు 6,000 కోట్ల రూపాయలతో 2023లో ఆమోదం పొందిన కేంద్ర ప్రభుత్వ పరిశోధన పథకం జాతీయ క్వాంటం మిషన్ పేరు చెప్పి ఊకకు లేని గొప్ప అంటగట్టకూడదు.

మనం పట్టించుకోవలసింది బాయిలర్ వేడిని. ఉష్ణోగ్రత సుమారు 700–800 డిగ్రీలు దాటితే ఊకలోని సిలికా స్ఫటికరూపం దాల్చడం మొదలవుతుంది. అప్పుడు దాని చర్యాశీలత తగ్గి నానోపదార్థాల తయారీకి అంతగా పనికిరాదు, పైగా ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. మిల్లు వెనుక పారతో బూడిద ఎత్తే కూలీ పీల్చేది ఆ ధూళినే. వేడిని అదుపులో ఉంచి ఊక కాల్చే పద్ధతిపై తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఉన్న నిట్ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) వంటి సంస్థలు, మిల్లర్లు కలిసి పనిచేస్తే, ప్రయోగశాలకు మంచి సిలికా దొరకడంతో పాటు ఆ కూలీ ఆరోగ్యానికీ రక్షణ దొరుకుతుంది.