జబ్బు తగ్గాక వచ్చే ఆలోచనలు: అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ చికిత్స పూర్తయినవాళ్లకి కౌన్సెలింగ్ చేయడం నా పని. కీమో అయిపోయి, రిపోర్టులు బాగున్నాయని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నాకే చాలామందికి అసలు ఆలోచనలు మొదలవుతాయి.

అపోహ: "అయిందేదో అయింది, ఇక దాని గురించి ఆలోచించకు."

చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ప్రేమతో చెప్పే మాటే ఇది. కానీ ఆలోచనల్లో రెండు రకాలున్నాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి "మళ్లీ వస్తే?", "నాకే ఎందుకు?" అంటూ పిలవకుండా వచ్చి తిరిగేవి ఒక రకం. "ఇప్పుడు నాకేది ముఖ్యం?" అని మనం కూర్చుని చేసేవి ఇంకో రకం. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1990ల నుంచి చేసిన పనిలోనూ, తర్వాతి పరిశోధనల్లోనూ కష్టం దాటాక మనిషిలో వచ్చే ఎదుగుదలతో ఎక్కువగా ముడిపడి కనిపించింది ఈ రెండో రకమే. మొదటి రకం కొత్తలో రావడం సహజం. నెలలు గడిచినా వదలక, నిద్రా తిండీ పాడవుతుంటే మాత్రం సాయం తీసుకోవాలి.

నేను సాయంత్రం పావుగంట నోటుబుక్కులో రాయమంటాను. ఎడమవైపు బుర్రలో తిరిగే మాట, కుడివైపు దాని గురించి చేయగలిగే పని. ఒకావిడ "నాకేమైనా అయితే పిల్లల గతేంటి" అని రాశారు. కుడివైపు చాలాసేపు ఖాళీగానే ఉంది. చివరికి "బ్యాంకు కాగితాలు పెద్దాడికి చూపించాలి" అని రాశారు. ఆ ఆదివారమే చూపించారు. స్కాన్ ముందు వారం ఆవిడకి ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదు.

అపోహ: మనిషి ఎదిగితే బాధ పోతుంది.

రెండూ పక్కపక్కనే ఉంటాయి. టెడెస్కీ, కాల్హూన్ ఈ ఎదుగుదలని కొలవడానికి 1996లో ప్రచురించిన ప్రశ్నావళిలో 21 అంశాలున్నాయి: మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తనలోని బలం, ఆధ్యాత్మికత, బతుకు విలువ తెలియడం, వీటి చుట్టూ. బాధ తగ్గిందా అన్నది అందులో లేనే లేదు.

అపోహ: పాజిటివ్‌గా ఉంటే జబ్బు తిరగబెట్టదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇది. తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మంది మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, మనసు బాగున్నవాళ్లు ఎక్కువకాలం బతికారన్న ఆధారమేమీ దొరకలేదు. మనసు బాగుండటం బతుకు బాగుండటానికి అవసరం, అది వేరే సంగతి. కానీ ఈ మాట నమ్మినవాళ్లు జబ్బు తిరిగొస్తే "నేనే ధైర్యంగా లేను" అని కుమిలిపోతారు. జబ్బుకి తోడు ఆ నేరం కూడా వాళ్ల నెత్తిన ఎందుకు?

అపోహ: ఇంత జరిగాక మనిషి మారి తీరాలి.

అక్కర్లేదు. పాత ఉద్యోగం, పాత టీవీ సీరియల్, పాత చిరాకులతో మునుపటిలాగే బతికినా అందులో తప్పేమీ లేదు. "ఈ జబ్బు నాకెంతో నేర్పింది" అనే మాట వాళ్ల నోటి నుంచి రావాలని ఎదురుచూడకండి. అదే సంగతి పదోసారి చెబుతున్నా వినండి.