మచాడో కొల్యూర్‌లోనే ఎందుకు ఉండిపోయారు?

స్పానిష్ కవి ఆంటోనియో మచాడో అస్థికలను స్వదేశానికి తేవాలన్న మాట మళ్ళీ వినిపిస్తోంది. ఆయన పుట్టిన సెవిల్ భవనం, సోరియాలో ఫ్రెంచి పాఠాలు చెప్పిన బడి, సెగోవియాలో అద్దెకున్న గది చూసుకుంటూ వచ్చే పాఠకులు చివరికి సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని కొల్యూర్ చేరుకుంటారు. పేచీ అంతా ఈ ఆఖరి మజిలీ గురించే.

తేవాలనేవాళ్ళు చెప్పేది సూటిగానే ఉంది. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం పోయింది, ఇంకా పరాయి నేల మీద ఎందుకు? భార్య లియొనోర్ సమాధి సోరియాలోనే ఉంది కదా? సబబైన ప్రశ్నలే. కానీ 1958లో ఏం జరిగిందో చూడకుండా వాటికి జవాబు దొరకదు.

1939 జనవరి ఆఖర్లో, స్పెయిన్ అంతర్యుద్ధం ముగింపుకొచ్చి ఫ్రాంకో సేనలు తరుముకొస్తుంటే, రిపబ్లిక్ పక్షాన నిలిచిన, జబ్బుతో ఉన్న మచాడో తల్లినీ, తమ్ముడు హోసే దంపతులనూ వెంటబెట్టుకుని సరిహద్దు దాటారు. ఒక రాత్రి రైలు పెట్టెలో గడిపి కొల్యూర్ చేరారు. ఎనభై దాటిన తల్లి ఆనా రూయిజ్ 'సెవిల్ ఇంకెంత దూరం?' అని అడిగిందట. ఫిబ్రవరి 22న ఆయన, మూడు రోజులకే ఆమె పోయారు. పాత కోటు జేబులో తమ్ముడికి ఒక కాగితం దొరికింది. దాని మీద నీలి రోజుల గురించి, చిన్ననాటి ఎండ గురించి ఒక పంక్తి ఉంది.

కొడుక్కి దక్కింది అరువు సమాధి. వాళ్ళు బస చేసిన హోటల్ యజమానురాలి స్నేహితురాలు తమ కుటుంబ సమాధిలో చోటిచ్చింది. తల్లిని పేదల భాగంలో పూడ్చారు. స్పెయిన్ ఏం చేసింది? 1941లో, చనిపోయిన మనిషిని ఉపాధ్యాయ ఉద్యోగం నుంచి తొలగించింది. ఆ మచ్చ తుడవడానికి 1981 దాకా పట్టింది.

1958 నాటికి అరువు చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పుడు చందాలు పోగయ్యాయి. సెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్, రచయితలు కామూ, మాల్రో వంటివాళ్ళు చెయ్యి కలిపారు. కొత్త సమాధి లేచింది, తల్లీకొడుకులు ఒక్కచోటికి చేరారు. ఏ ప్రభుత్వమూ కట్టించింది కాదది. మరుసటి ఏడాది, ఇరవయ్యో వర్ధంతికి, స్పెయిన్ నుంచి యువ కవులు అక్కడికే వచ్చారు. 2019లో ప్రధాని పెద్రో సాంచెజ్ కూడా పువ్వులు పట్టుకుని అక్కడికే వెళ్ళారు.

సమాధి పక్కన చిన్న పోస్టు డబ్బా ఉంది. వచ్చినవాళ్ళు కవికి ఉత్తరాలు రాసి అందులో వేస్తారు. వాటిని తీసి దాచే పని ఆ ఊళ్ళోని మచాడో ఫౌండేషన్ చూసుకుంటోంది.