నొప్పి కంటే ఒక అడుగు ముందు

"ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకో. మరీ తట్టుకోలేనప్పుడే మాత్ర వేసుకో." మంచం పట్టిన మనిషికి ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే చెప్పే మాట ఇది. మందు అలవాటైపోతుందని, బలమైనది ఇప్పుడే వాడేస్తే రేపటికి ఏమీ మిగలదని వాళ్ళ భయం. పంటి నొప్పికో బెణుకుకో ఈ సలహా వల్ల పెద్ద నష్టం లేదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌తోనో, నరాల్ని దెబ్బతీసిన జబ్బుతోనో నెలల తరబడి బాధపడుతున్న మనిషికి మాత్రం అపకారమే చేస్తుంది. ఎందుకో తెలియాలంటే నొప్పి ఒంట్లో ఎలా ప్రయాణిస్తుందో చూడాలి.

కాల్లో ముల్లు దిగితే ముందు చురుక్కుమంటుంది, ఆ వెనకే సలుపు మొదలవుతుంది. ఇవి రెండు వేర్వేరు దారుల్లో వచ్చే కబుర్లు. కొవ్వు తొడుగున్న ఏ-డెల్టా నరపు పోగులు మొదటిదాన్ని సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో మోసుకెళ్తాయి. తొడుగు లేని సీ పోగుల వేగం సెకనుకు 2 మీటర్లు దాటదు. సలుపు వాటి పని. ఇవి వచ్చి చేరే వెన్నుపాములో తూము లాంటి ఏర్పాటు ఒకటి ఉందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. తూము ఎంత తెరుచుకుంటే అంత నొప్పి మెదడుకు చేరుతుంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే ఆ స్పర్శ కబురు తూమును కొంత మూస్తుందట, కాస్త హాయిగా ఉండేది అందుకే. ఆ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తర్వాత మారాయి. మెదడు నుంచి కిందికి దిగే ఆజ్ఞలు నొప్పిని పెంచగలవు, తగ్గించగలవు అన్న అసలు సంగతి మాత్రం నిలబడింది.

1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అనే నాడీ శాస్త్రవేత్త ఇంకో మెట్టు ఎక్కారు. నొప్పి కబుర్లు తెరిపి లేకుండా వస్తుంటే వెన్నుపాములోని కణాల తీరే మారిపోతుందని చూపించారు. అవి చిన్న కబురుకే గగ్గోలు పెడతాయి. దుప్పటి అంచు తగిలినా మంట పుడుతుంది. అంటే నొప్పి తన దారిని తానే వెడల్పు చేసుకుంటుందన్నమాట. మొదట్లో చిన్న మోతాదుకు లొంగేది, ఆలస్యమయ్యేకొద్దీ మొండికేస్తుంది. దానికి తోడు, తర్వాతి పోటు ఎప్పుడొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ గడిపే మనిషిలో ఆ భయమే తూమును ఇంకాస్త తెరుస్తుంది.

అందుకే ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, ఎడతెగని నొప్పికి గడియారం చూసి మందు ఇవ్వమంటుంది. బలమైన నొప్పి మందు మార్ఫిన్‌నే తీసుకోండి. నోటితో వేసుకునే మామూలు రకం దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. కాబట్టి నొప్పి మళ్ళీ తల ఎత్తకముందే, నాలుగు గంటలకోసారి, తర్వాతి మోతాదు పడాలి. క్యాన్సర్ నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ ఈ మాటే ఉంది.

ఈ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టినవారు సిసిలీ సాండర్స్. ఆమె నర్సుగా మొదలుపెట్టారు. నడుము నొప్పి వల్ల ఆ పని వదిలి, ఆసుపత్రిలో రోగుల ఇంటి కష్టసుఖాలు చూసే ఉద్యోగంలో చేరారు. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళ నొప్పిని పట్టించుకునే నాథుడు లేడని గమనించి 1957లో, నలభైకి దగ్గరపడుతున్న వయసులో, డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. రోగి చెప్పేది చివరిదాకా వినడం ఆమె అలవాటు. నొప్పి గురించి చెప్పమంటే ఒకామె, అది నడుములో మొదలైందని చెప్పి, ఇప్పుడు తనలో అంతా పాడైపోయినట్టుందని, భర్తా కొడుకూ పని మానేసి ఇంట్లో ఉండాల్సి వస్తే డబ్బుకు ఇబ్బందేనని చెప్పుకొచ్చింది. శరీరం, మనసు, సంసారం, ఆత్మ ఇవన్నీ కలిసినదే 'సంపూర్ణ నొప్పి' అని సాండర్స్ అన్నది ఇలాంటి మాటలు వినే. మార్ఫిన్ ఎంత పెంచినా తగ్గని నొప్పి, రేపటి గురించిన బెంగ తీరాక తగ్గడం ఈ వైద్యంలో పనిచేసేవాళ్ళు చూస్తూనే ఉంటారు.

వినడం అన్నాను కాబట్టి ఒక మాట. తెలుగులో సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు. మెలిపెట్టడం, పీకడం, గుంజడం, జివ్వుమనడం, కలుక్కుమనడం దేనికదే. ఈ సంపదను మనం డాక్టరు ముందు వాడం. "నొప్పిగా ఉందండీ" అని ఊరుకుంటాం. మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు అని చెబితే అది దెబ్బతిన్న నరాల నొప్పి అని డాక్టరుకు అనుమానం వస్తుంది. దానికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. దిగులుకు వాడే అమిట్రిప్టిలిన్, మూర్ఛకు వాడే గాబాపెంటిన్ లాంటివి పనికొస్తాయి. కడుపులో మెలిపెడుతోందంటే పేగుల్లో పట్టేస్తోందేమో చూస్తారు. అడుగు వేస్తే ఎముకలో పోటు అంటే, క్యాన్సర్ అక్కడికి చేరిందని తేలితే, 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) రేడియేషన్ ఒక్కసారి ఇచ్చినా దాదాపు పదిమందిలో ఆరుగురికి ఉపశమనం దొరుకుతుంది. రోగులు వాడే మాటల్నే పోగుచేసి మెల్జాక్ 1975లో నొప్పిని అంచనా వేసే ప్రశ్నావళి తయారుచేశారు. ఈ రోజుకీ అది వాడుకలో ఉంది.

ఇక మార్ఫిన్ భయాలు. మొదట్లో వచ్చే వికారం, మగత సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం మందు తోడుగా ఇవ్వాలి. శరీరం మందుకు అలవాటు పడటం, మనిషి వ్యసనపరుడు కావడం రెండూ ఒకటి కావు. అలవాటు పడిన శరీరానికి మందు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలి, అంతే. క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో సరైన మోతాదులో వాడేవాళ్ళు వ్యసనంలో పడటం అరుదు. అలాగని ప్రతి దీర్ఘకాలిక నొప్పికీ ఇదే మందని అనను. నడుము, తుంటి, మోకాళ్ళ నొప్పులున్న 240 మందిపై ఏడాదిపాటు జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఈ జాతి మందులు మిగతా మందుల కంటే మెరుగ్గా పనిచేయలేదు. అలాంటి నొప్పులకు వ్యాయామం, నిద్ర, మనసుకు దన్ను ఎక్కువ మేలు చేస్తాయి. ఎవరి నొప్పి ఏ రకమో తేల్చకుండా ఇవ్వడమూ తప్పే, భయపడి అసలు ఇవ్వకపోవడమూ తప్పే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది రెండోది. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2017లో వేసిన లెక్క ప్రకారం, ప్రపంచంలో ఏటా పంపిణీ అయ్యే 298.5 టన్నుల మార్ఫిన్ తరహా మందుల్లో అత్యంత పేద దేశాలకు చేరుతున్నది 0.1 టన్ను, అంటే 100 కిలోలు. ఏటా 5.68 కోట్ల మందికి ఉపశమన వైద్యం అవసరమైతే దాదాపు 14 శాతం మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అందినవాళ్ళకు కూడా ఆలస్యంగా అందుతోంది. పాలియేటివ్ కేర్ పేరు ఎత్తగానే డాక్టర్లు చేతులెత్తేశారని ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. నిజానికి జబ్బుకు చేసే చికిత్సతో పాటే, మొదటి నుంచీ సాగాల్సిన వైద్యం ఇది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడిన 151 మందిని అమెరికాలో రెండు జట్లుగా చేసి చూశారు. చికిత్సతో పాటు మొదట్లోనే ఉపశమన వైద్యమూ అందుకున్నవాళ్ళు తక్కువ దిగులుతో, మెరుగ్గా బతికారు. వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, రెండో జట్టుది 8.9 నెలలు. 2010లో వచ్చిన ఈ ఫలితం అన్ని జబ్బులకూ వర్తిస్తుందని చెప్పలేం. నొప్పి తగ్గిస్తే ఆయుష్షు తరిగిపోతుందన్న భయానికి మాత్రం అది గట్టి జవాబు.

మంచి ఉపశమన బృందం నొప్పి అంతా రేపటికి మాయమవుతుందని మాట ఇవ్వదు. మొదట రాత్రి నిద్ర పట్టేలా చేస్తుంది. తర్వాత పగలు కదలకుండా పడుకున్నప్పుడు నొప్పి లేకుండా చూస్తుంది. ఆపైన లేచి తిరిగేటప్పుడు. ఈ మూడోది అన్నిసార్లూ పూర్తిగా కుదరదు. మధ్యలో పోటు వస్తే వేసుకోవడానికి రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు విడిగా ఉంచమని కాగితం మీద రాసిస్తారు. కదిలిస్తే పోటు వస్తుందని ముందే తెలిసినవాళ్ళకు స్నానానికి అరగంట ముందే ఆ మోతాదు వేస్తారు. అది పనిచేయడం మొదలుపెట్టాకే నర్సు భుజం కింద చెయ్యి వేసి లేపుతుంది.