చర్చి తలుపు నుంచి నోటీసు బోర్డు దాకా: ఇంగ్లండ్ పల్లె పాలన వెనుక కథ

ఇంగ్లండ్‌లో ఏ పల్లెకు వెళ్లినా బస్టాపు దగ్గరో, ఊరి హాలు గోడకో గాజు తలుపున్న నోటీసు బోర్డు కనిపిస్తుంది. లోపల పిన్నులతో గుచ్చిన కాగితాల్లో ఊరి పాలక మండలి అయిన పారిష్ కౌన్సిల్ సమావేశపు అజెండా ఒకటి తప్పకుండా ఉంటుంది. తేదీ, వేళ, చోటు పైన రాసి ఉంటాయి. కింద వరుసగా అంశాలు: రాలేకపోతున్న సభ్యుల పేర్లు, ఏ విషయంలోనైనా సొంత ప్రయోజనం ఉంటే సభ్యులు ముందే ప్రకటించడం, ఊరివాళ్లు మాట్లాడేందుకు పావుగంట, ఇళ్ల నిర్మాణ దరఖాస్తులు, శ్మశానంలో గడ్డి కోత, కొత్త చెత్తడబ్బాల ఖర్చు, చెల్లించాల్సిన బిల్లులు. అడుగున క్లర్కు సంతకం.

పైపైన చూస్తే ఇందులో ఆసక్తి కలిగించేది ఏమీ లేదు. అయినా ఈ కాగితాన్ని శ్రద్ధగా చదవాలని నేను గట్టిగా నమ్ముతాను. సమావేశానికి పూర్తిగా 3 రోజుల ముందు దాన్ని అందరికీ కనిపించే చోట అతికించాలని చట్టం చెబుతోంది. ఆ లెక్కలో అతికించిన రోజు, సమావేశం రోజు, మధ్యలో వచ్చే ఆదివారం కలవవు. అంటే మంగళవారం సాయంత్రం సమావేశమైతే గురువారం కల్లా కాగితం బోర్డు మీద ఉండాలి. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకంటే, ఊరి వ్యవహారం ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకపోతే ఎవరికి లాభం అన్న తగవు అక్కడ శతాబ్దాల పాటు సాగింది.

పారిష్ అంటే మొదట ఒక చర్చి పరిధిలోని ఊరు. 16వ శతాబ్దంలో ప్రభుత్వం దాని నెత్తిన లౌకిక బాధ్యతలు పెట్టడం మొదలుపెట్టింది. 1555 చట్టం ఊరి రోడ్ల మరమ్మతును ఊరివాళ్లకే అప్పగించి, ఏడాదికి 4 రోజులు ఉచితంగా పనిచేయాలంది. 1601 నాటి పేదల చట్టం మరింత పెద్ద బరువు మోపింది. ఊళ్లోని పేదలను పోషించడానికి ఊరే పన్ను వేసుకోవాలి, దాన్ని వసూలు చేసి పంచడానికి పర్యవేక్షకులు ఉండాలి. ఈ వ్యవహారాలన్నీ చర్చిలో పాదిరి దుస్తులు మార్చుకునే గదిలో జరిగే సభలో తేలేవి. ఆ గది పేరే సభకూ స్థిరపడి వెస్ట్రీ అయింది. ముసలితనంలో ఒక వితంతువుకు వారానికి రొట్టెకు సరిపడా డబ్బు ఇవ్వాలా వద్దా, పని కోసం వచ్చిన పొరుగూరి కుటుంబాన్ని తిప్పి పంపాలా వద్దా అన్నది ఊరి పెద్దల చేతుల్లో ఉండేది.

ఆ సభ జరుగుతుందన్న కబురు ఊరికి చేరే దారి కూడా చర్చే. 1818లో వచ్చిన వెస్ట్రీల చట్టం ఈ కబురుకు ఒక పద్ధతి పెట్టింది. సభ ఎక్కడ, ఎన్నింటికి, దేనికోసం అన్నది కనీసం 3 రోజుల ముందు చర్చిలో ప్రకటించాలి, తలుపు మీద అతికించాలి. నేటి నోటీసు బోర్డు మీది 3 రోజుల నియమానికి పూర్వరూపం అక్కడే ఉంది. అదే చట్టం ఇంకో పని కూడా చేసింది: ఆస్తిని బట్టి ఓట్లు పంచింది. పన్ను లెక్కలో 50 పౌండ్ల లోపు ఆస్తి ఉన్నవాడికి ఒక ఓటు, ఆపైన ప్రతి 25 పౌండ్లకూ మరొకటి, గరిష్ఠంగా 6. కబురు అందరికీ, తీర్పు మాత్రం భూస్వామికి. ఈ రెండూ ఒకే కాగితంలో పక్కపక్కన ఉండటం ఆ కాలపు పల్లెను ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

1837లో మరో మార్పు వచ్చింది. ప్రార్థన మధ్యలో గానీ ముగిశాక గానీ చర్చి లోపల ఇలాంటి ప్రకటనలు చదవకూడదనీ, వాటిని రాసి తలుపు దగ్గర అతికించాలనీ పార్లమెంటు చట్టం చేసింది. ఊళ్లో ఆ చర్చికి చెందని క్రైస్తవులు, మెథడిస్టులు, బాప్టిస్టులు ఉండేవాళ్లు. వాళ్లూ పన్ను కట్టేవాళ్లే. కానీ ఆదివారం ఆ చర్చిలో అడుగుపెట్టరు కనుక లోపల చదివింది వాళ్ల చెవిన పడేది కాదు. తలుపు మీది కాగితమైతే దారిన పోతూ ఎవరైనా చదువుకోవచ్చు, చదువు వస్తే.

అప్పటికే వెస్ట్రీ బలం తగ్గుతోంది. 1834లో పేదల పోషణ ఊరి చేతినుంచి జారి, అనేక పారిష్‌లను కలిపిన యూనియన్ల బోర్డులకు వెళ్లింది. 1868లో చర్చి నిర్వహణ కోసం వేసే చర్చి పన్నును బలవంతంగా వసూలు చేసే అధికారం పోయింది. పల్లెలో పెత్తనం మాత్రం భూస్వామి, పాదిరి, పెద్ద రైతు దగ్గరే ఉండిపోయింది.

ఈ ముగ్గురినీ కదిలించింది కూలీలు. 1872 ఫిబ్రవరిలో వార్విక్‌షైర్‌లోని వెల్స్‌బోర్న్ గ్రామంలో ఒక చెస్ట్‌నట్ చెట్టు కింద జోసెఫ్ ఆర్చ్ మాట్లాడినప్పుడు వ్యవసాయ కూలీల సంఘానికి పునాది పడింది. ఆర్చ్ కూలీ ఇంట పుట్టినవాడు, కంచెలు కత్తిరించడంలో ఆరితేరిన పనివాడు, మెథడిస్టు ప్రబోధకుడు. 1884లో పల్లెల్లోని కూలీ కుటుంబాల పెద్దలకు ఓటు హక్కు వచ్చింది. మరుసటి ఏడాదే ఆర్చ్ నార్‌ఫోక్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. లండన్‌కు సభ్యుడిని పంపగలిగిన కూలీకి సొంత ఊరి వ్యవహారంలో మాట చెల్లకపోవడం ఇక ఎంతోకాలం నిలవలేదు. కూరగాయలు పండించుకోవడానికి కాస్త భూమి కావాలనీ, పేదల పేరిట ఎప్పుడో దాతలు రాసిచ్చిన ధర్మనిధుల లెక్కలు చూపాలనీ వాళ్లు అడిగారు.

జవాబుగా వచ్చింది 1894 స్థానిక ప్రభుత్వ చట్టం. మంత్రి హెన్రీ ఫౌలర్ ప్రవేశపెట్టిన ఈ బిల్లును ఎగువ సభ అయిన ప్రభువుల సభ సవరణలతో నీరుగార్చింది. 1894 మార్చి 1న దిగువ సభలో గ్లాడ్‌స్టన్ చేసిన చివరి ప్రసంగం ఆ సవరణల గురించే. ప్రధానమంత్రిగా నాలుగు దఫాలు పనిచేసిన మనిషి పార్లమెంటులో పలికిన ఆఖరి మాటలు ఊరి కౌన్సిల్ బిల్లుతో ముడిపడి ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

చట్టంలో నేను పదేపదే తిరగేసే భాగం దాని చిన్న నియమాలు. 300 మందికి పైబడిన ప్రతి గ్రామీణ పారిష్‌కూ ఎన్నికైన కౌన్సిల్ ఉండాలి. వెస్ట్రీ చేసే లౌకిక పనులన్నీ దానికి వెళ్లాలి, చర్చి పనులు చర్చికి మిగలాలి. ఓటర్లంతా కూర్చునే గ్రామసభ సాయంత్రం 6 గంటలకు ముందు మొదలుకాకూడదు. పొలం పని ముగించుకుని వచ్చే కూలీ కోసం పెట్టిన నియమం ఇది. పగటిపూట సభ పెడితే వచ్చేది భూస్వామి, పాదిరి మాత్రమేనని చట్టం రాసినవాళ్లకు తెలుసు. మద్యం అమ్మే చోట కౌన్సిల్ కూర్చోకూడదు, వేరే గది తగిన ఖర్చుతో దొరకనప్పుడు తప్ప. మరి ఎక్కడ కూర్చోవాలి? అందుకు బడి గదిని అద్దె లేకుండా వాడుకునే హక్కు ఇచ్చారు. అవసరమైతే అలాట్‌మెంట్ల కోసం, అంటే కూలీలు కూరగాయలు పండించుకునే చిన్న మళ్ల కోసం, భూమిని నిర్బంధంగా కౌలుకు తీసుకునే మార్గమూ పెట్టారు. మహిళలు, వివాహితలతో సహా, సభ్యులు కావచ్చన్నారు. కౌంటీ కౌన్సిళ్లలో ఆ అవకాశం 1907 దాకా రాలేదు. నోటీసు విషయంలో చర్చి తలుపును ఉంచుతూనే, ఊళ్లో అందరికీ కనిపించే మరో చోట కూడా అతికించాలన్నారు. నేటి గాజు పెట్టె బోర్డు పుట్టుక ఆ ఒక్క వాక్యంలో ఉంది.

1894 డిసెంబరులో తొలి సభలు జరిగాయి. అక్కడ ఎన్నిక చేతులెత్తి జరిగేది. తనకు కూలి ఇచ్చే రైతు, తాను అద్దెకుండే ఇంటి యజమాని అదే గదిలో కూర్చుని చూస్తుండగా కూలీ చెయ్యెత్తాలి. చీటీల ఓటింగు కోరే హక్కు ఉంది, కానీ కోరడానికీ ధైర్యం కావాలి. చాలా ఊళ్లలో భూస్వామి, పాదిరి, రైతులే కొత్త కౌన్సిల్‌లోనూ ముందు వరుసలో కూర్చున్నారు. డబ్బు కూడా అంతంతమాత్రం. పన్ను కోసం లెక్కగట్టిన ఆస్తి విలువలో పౌండుకు 3 పెన్నీల పన్ను దాటేంత ఖర్చు చేయాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి, 6 పెన్నీలు దాటే దారే లేదు. ఆశ పెద్దది, చేతికందిన సాధనం చిన్నది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వమే రిపన్‌ను వైస్రాయిగా మన దేశానికి పంపింది. స్థానిక స్వపరిపాలనపై రిపన్ తీర్మానం 1882లో వచ్చింది. దాని వెంట 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి, నాటి ఆంధ్ర జిల్లాల్లోనూ కొన్ని ఊళ్లను కలిపిన యూనియన్లకు పంచాయతీలు ఏర్పడ్డాయి. వాటిపై అధికారుల పట్టు గట్టిగా ఉండేది, నిజమే. అయినా ఇంగ్లండ్ పల్లెకు తన కౌన్సిల్ దక్కడానికి 10 ఏళ్ల ముందే ఇక్కడ ఆ ప్రయత్నం మొదలైంది. గ్రామ పాలన ఇంగ్లండ్‌లో పండి మనకు దిగుమతి అయిందన్న మాటను ఈ తేదీలు ఒప్పుకోవు.

20వ శతాబ్దంలో పారిష్‌కు పనులు కొద్దికొద్దిగా పెరిగాయి. 1957 చట్టం దారి పక్క బల్లలు, షెడ్లు, వీధి దీపాల వంటి వాటికి వెసులుబాటు ఇచ్చింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పునర్వ్యవస్థీకరణ గ్రామీణ జిల్లా కౌన్సిళ్లను తుడిచిపెట్టినా ఇంగ్లండ్‌లో పారిష్‌లను మాత్రం ఉంచింది. సమావేశాల తలుపులు తెరుచుకున్న కథ వేరుగా సాగింది. 1908లో విలేకరులకు ప్రవేశం దొరికింది. కొన్ని కౌన్సిళ్లు మొత్తం సభనే కమిటీగా ప్రకటించుకుని తలుపులు మూసేవి. ఆ లొసుగును మూసి, సామాన్య ప్రజలకూ ప్రవేశ హక్కు ఇచ్చిన 1960 చట్టాన్ని ప్రతిపాదించింది అప్పుడే పార్లమెంటులో అడుగుపెట్టిన మార్గరెట్ థాచర్. ఆ బిల్లుపైనే ఆమె తొలి ప్రసంగం చేసింది. సమావేశాలను ప్రజలు చిత్రీకరించే హక్కు 2014లో వచ్చింది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో సుమారు 10,000 పారిష్, టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఊరివాళ్ల ఫిర్యాదుల్లో సగం గందరగోళం ఎవరి పని ఏదన్న దగ్గరే పుడుతుంది. పారిష్‌కు పైన జిల్లా, కౌంటీ అని రెండంచెల కౌన్సిళ్లు ఉన్న చోట రోడ్డు మీద గుంత కౌంటీది. ఇంటి నిర్మాణానికి అనుమతి జిల్లాది. పారిష్ కౌన్సిల్ అభిప్రాయం మాత్రమే చెప్పగలదు, అది వద్దన్న ఇల్లు కూడా లేవవచ్చు. తన పనుల కోసం పారిష్ అడిగే మొత్తాన్ని ప్రిసెప్ట్ అంటారు. అది కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను బిల్లులో విడిగా ఒక వరుసగా కనిపిస్తుంది. 2010 తర్వాత ఖర్చులు తగ్గించుకునే క్రమంలో పెద్ద కౌన్సిళ్లు మరుగుదొడ్లు, గడ్డి కోత, ఆటస్థలాల వంటివి కిందికి తోశాయి. దాంతో ఆ వరుసలోని అంకె చాలాచోట్ల పెరిగింది.

2011 స్థానికతా చట్టం దీనికి బదులుగా అన్నట్టు ఒక నిజమైన అధికారం ఇచ్చింది. ఊరు తన పరిధిలో ఇళ్లు ఎక్కడ రావాలో, ఎలా ఉండాలో ప్రణాళిక రాసుకుని ప్రజాభిప్రాయ ఓటింగులో నెగ్గించుకుంటే, దరఖాస్తులపై నిర్ణయాల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. 2013 మార్చిలో కంబ్రియాలోని అప్పర్ ఈడెన్ మొట్టమొదటగా ఆ ఓటింగు గెలిచింది. నిర్మాణదారులపై మౌలిక సదుపాయాల రుసుము అమల్లో ఉన్న చోట పారిష్‌కు అందులో 15 శాతం వస్తుంది, ప్రణాళిక ఉంటే 25 శాతం. 1894లో కూలీలు అడిగిన భూమి ప్రశ్నకు దీనికీ మధ్య ఉన్న బంధుత్వం నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

కోవిడ్ కాలంలో కౌన్సిళ్లు తెరల మీద కలుసుకున్నాయి. చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ కౌన్సిల్ సభ్యుల గొడవ వీడియో 2021 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. చాలామందికి పారిష్ కౌన్సిల్ అంటే అదొక్కటే గుర్తుండిపోవడం బాధగా ఉంటుంది. ఆన్‌లైన్ వీలు 2021 మే మొదటి వారంతో ముగిసి, సభ్యులు మళ్లీ ఒకే గదికి రావాల్సి వచ్చింది. రాత్రిపూట బస్సు లేని ఊళ్లో వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు అది మూసుకున్న తలుపే.

ఇక జిల్లా స్థాయే పోతోంది. కంబ్రియా, నార్త్ యార్క్‌షైర్, సోమర్‌సెట్‌లలో 2023 ఏప్రిల్ 1న జిల్లా కౌన్సిళ్లు రద్దయ్యాయి. మిగిలిన రెండంచెల ప్రాంతాల్లోనూ అదే జరగాలని 2024 డిసెంబరు శ్వేతపత్రం చెప్పింది. నార్త్ యార్క్‌షైర్ అంత విశాలమైన చోట ఊరికి దగ్గరగా మిగిలే ఎన్నికైన సంస్థ పారిష్ ఒక్కటే. దానికి సభ్యులు దొరకడం మాత్రం కష్టమవుతోంది. సీటు ఖాళీ అయితే బోర్డు మీద నోటీసు పెడతారు. సెలవులు పోను 14 రోజుల్లో 10 మంది ఓటర్లు రాసి అడిగితే ఎన్నిక జరుగుతుంది. అంతమంది అడగకపోతే కౌన్సిలే తనకు నచ్చిన వ్యక్తిని చేర్చుకుంటుంది.

ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడి ఊళ్లలో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలకు ఈ నోటీసుతో నేరుగా సంబంధం ఉంది. కామన్వెల్త్ దేశ పౌరులు కనుక, చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులు బ్రిటిష్ పౌరసత్వం లేకుండానే ఓటరుగా నమోదు కావచ్చు, ఆ 10 మందిలో ఒకరు కావచ్చు. శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లు పోటీ కూడా చేయవచ్చు. అందుకు ఏడాది పాటు ఆ పారిష్‌లో గానీ దానికి 3 మైళ్ల లోపు గానీ నివసించి ఉన్నా చాలు.