ఎర్తింగ్ ఉందిగా, ఎంసీబీ ఉందిగా, ఇంకేం భయం? : కొన్ని అపోహలు, వాస్తవాలు

వైరింగ్ పనికి ఏ ఇంటికి వెళ్లినా ముందు వినిపించే మాట ఒకటే. "గుంత తీయించి, బొగ్గూ ఉప్పూ వేసి గట్టిగా ఎర్తింగ్ చేయించామండీ. ఎంసీబీలు కూడా మంచి కంపెనీవే." ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువ పారితే దానంతటదే పడిపోయే స్విచ్. అదే ఇంట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ రెండూ ఉన్నా ప్రాణాల మీదకు ఎలా వస్తుందో రాస్తున్నాను. ఇది ఎక్కువగా సొంత ఇళ్లకు, ఊళ్లలోని ఇళ్లకు సంబంధించింది. అపార్ట్‌మెంట్లలో ఎర్త్ ఏర్పాటు కొంత వేరుగా ఉంటుంది.

అపోహ: ఎర్తింగ్ బాగుంటే షాక్ కొట్టేలోపే ఎంసీబీ పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. గీజర్ కాయిల్ పాడై ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బాడీకి తగిలింది. మీ ఎర్త్ పిట్ (ఆ ఎర్తింగ్ గుంత) రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 10 ఓమ్‌లు అనుకోండి. రాతి నేలల్లో, అదీ మే నెలలో, 10 వచ్చిందంటే సంతోషించాల్సిందే. 230 వోల్టులను 10తో భాగిస్తే మట్టిలోకి పోయేది 23 ఆంపియర్లు. గీజర్‌కు పెట్టింది 16 ఆంపియర్ల ఎంసీబీ. 23 ఆంపియర్లకు అది గంటసేపైనా పడకపోవచ్చు. ఇళ్లలో వాడే సీ రకం ఎంసీబీ ఠక్కున పడాలంటే దాని రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. అది ఖాయంగా జరగాలంటే పిట్ ఒకటిన్నర ఓమ్ లోపు ఉండాలి. ఇంటి పెరట్లో తీసిన ఒక్క గుంతతో అయ్యే పని కాదు.

ఈలోగా ఆ 230 వోల్టుల్లో చాలా భాగం గీజర్ బాడీ మీదే నిలిచి ఉంటుంది. పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, ఇంట్లో అన్నిటినీ కలుపుతుంది కాబట్టి వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మోటారు అన్నీ అదే వోల్టేజీకి ఎక్కుతాయి. గీజర్ పాడైతే ఫ్రిజ్ షాక్ కొడుతుంది. ఫ్రిజ్ మెకానిక్ వచ్చి చూసి "ఇందులో ఏ లోపమూ లేదు" అంటాడు. నిజంగానే ఉండదు.

మనిషికి ప్రాణాంతకమయ్యేది మిల్లీ ఆంపియర్లలో ఉండే కరెంటే. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి పట్టు వదలడం కష్టం. 30 దాటి కాసేపు ఉంటే ఊపిరికి, గుండెకు ముప్పు. తడి ఒంటికి 1000 ఓమ్‌లు వేసుకున్నా 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. ఎంసీబీ పని వైరు కాలకుండా చూడడం. దానికి ఈ 230 మిల్లీలు లెక్కలోకే రావు.

ఇక్కడ పనికొచ్చేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తుంటుంది. తేడా 30 మిల్లీలకు చేరితే 0.3 సెకను లోపు కట్ చేస్తుంది. అప్పుడు మీ పిట్ 100 ఓమ్‌లున్నా పర్లేదు, గీజర్ ఆన్ చేయగానే పడిపోతుంది. కొనేటప్పుడు షాపులో 100, 300 మిల్లీలవి కూడా ఉంటాయి. అవి మనిషి షాక్ కోసం పెట్టేవి కావు, వైరింగ్ లీకేజీతో మంటలు రేగకుండా పెట్టేవి. మీద 30 అని ఉందో లేదో చూసి తీసుకోండి. చిన్న లోడ్లు మినహా ఇలాంటి రక్షణ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. ఇంటికి గ్రానైట్ వేయించి దీని దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: బల్బు పెట్టి చూశారు, బాగా వెలిగింది. ఎర్తింగ్ పక్కా.

ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడడం మావాళ్లలో పాత అలవాటు. ఆ బల్బు లాగేది అర ఆంపియర్ కూడా కాదు. వేడెక్కిన ఫిలమెంట్ రెసిస్టెన్సే 500 ఓమ్‌లు దాటుతుంది. మీ పిట్ 50 ఓమ్‌లకు పాడైపోయి ఉన్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి. కంటికి ఏం తేడా తెలుస్తుంది? రెసిస్టెన్స్ కొలిచే ఎర్త్ టెస్టర్ పరికరంతో కొలిపించండి, అదీ ఎండాకాలంలో. వానలు పడ్డాక ఏ గుంతైనా మంచి రీడింగే ఇస్తుంది. గుంత దగ్గర క్లాంపు తుప్పు పట్టిందేమో కూడా చూడండి. మనం వేసిన ఉప్పే దాన్ని తింటుంది.

బల్బు ఇంకా బ్రహ్మాండంగా వెలిగే ఇల్లు మరొకటి ఉంది. రెండు వైర్ల పాత వైరింగ్‌కు మూడు పిన్నుల సాకెట్ బిగించి, వెనకాల చిన్న వైరు ముక్కతో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసిన ఇల్లు. న్యూట్రల్ బాగున్నన్నాళ్లు అంతా బాగానే ఉంటుంది. అది ఎక్కడో తెగిన రోజున, వెలగాల్సిన లైటులోంచి వచ్చిన ఫేజ్ ఆ ముక్క గుండా నేరుగా ఫ్రిజ్ బాడీ మీదకు వస్తుంది. మెయిన్ ఆపి ఒక సాకెట్ విప్పించి చూడండి. ఆ ముక్క కనిపిస్తే అన్ని సాకెట్లూ విప్పించాల్సిందే.

అపోహ: న్యూట్రల్‌తో ఏ ప్రమాదమూ లేదు.

తెగనంతవరకే. స్తంభం దగ్గర న్యూట్రల్ జంపర్ (కలిపే ముక్క వైరు) ఊడితే వేర్వేరు ఫేజ్‌ల మీదున్న ఇళ్లు ఒకదానితో ఒకటి సిరీస్‌లో పడతాయి. రెండు ఫేజ్‌ల మధ్య ఉండే 400 వోల్టులు వాటి మధ్య ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాయి. తక్కువ లోడున్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ. మీ ఇంట్లో లైట్లు ధగధగలాడి, పక్కింట్లో మిణుకుమిణుకుమంటుంటే స్టెబిలైజర్ వైపు చూడకండి. ముందు మెయిన్ ఆపి, తర్వాత 1912కు ఫోన్ చేయండి. మీ ఇంటి ఒక్కదాని న్యూట్రలే తెగితే లక్షణం వేరు. ఏదీ వెలగదు, టెస్టర్ మాత్రం సాకెట్ రెండు బొక్కల్లోనూ వెలుగుతుంది.

ఊళ్లలో దీనికి సొంత వైద్యం ఒకటి ఉంది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక న్యూట్రల్ వైరును ఎర్త్ రాడ్డుకు కట్టేసి "ఎర్త్ మీద" నడిపించుకుంటారు. 30 ఓమ్‌ల రాడ్డులోకి 5 ఆంపియర్ల కరెంటు పోతే రాడ్డు మీద 150 వోల్టులు. చుట్టూ ఉన్న తడి నేలలో కూడా అడుగడుక్కీ వోల్టేజీ తేడా ఉంటుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ కాబట్టి ముందు పడేది గేదె. ఇంటి పచ్చ వైరు కూడా అదే రాడ్డుకు ఉంటే ఇక చెప్పేదేముంది, ఇంట్లో ప్రతి ఇనుప బాడీ మీదా అదే 150.

అపోహ: టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదు.

ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, పట్టపగలు ఎండలో చూస్తే కొన్నిసార్లు వెలుగు కనిపించదు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి చూసి, ఆ తర్వాతే నమ్మండి.

అపోహ: ఆర్‌సీసీబీ ఊరికే పడుతోందంటే అదే పాడైంది.

నూటికి తొంభై సార్లు లీకేజీ నిజంగానే ఉంటుంది. ప్లగ్గులన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. స్విచ్ ఆపడం చాలదు, ఎందుకంటే స్విచ్ ఫేజ్‌నే ఆపుతుంది, న్యూట్రల్ వైపు లీకేజీ అలాగే ఉంటుంది. అన్నీ పీకేసినా పడుతుంటే, కొత్తగా వేసిన గదికి న్యూట్రల్ ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. ఆర్‌సీసీబీ గుండా రాని న్యూట్రల్ అయితే వెళ్లిన కరెంటు తిరిగి రానట్టే దానికి కనిపిస్తుంది. పడుతోందని దాన్ని పీకి డైరెక్ట్ చేయమనే ఇంటాయన ప్రతి వీధిలోనూ ఉంటాడు. నేను చేయను. దాని మీద ఉన్న "టీ" బటన్ నెలకోసారి నొక్కండి. పడకపోతే మార్చేయండి. పడినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు, ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే.

అపోహ: ఆర్‌సీసీబీ పెట్టాక ఇక షాకే లేదు.

ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని దృష్టిలో మీరూ ఒక బల్బే. వెళ్లిందంతా తిరిగి వస్తోంది కదా, పడదు. మీటరుకు ముందున్న సర్వీస్ వైరు సంగతీ దానికి పట్టదు. స్తంభం నుంచి ఇంటిదాకా ఆ వైరును మోసే జీఐ తీగకు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) గాలికి రాసుకుని వైరు ఇన్సులేషన్ అరిగిపోతుంది, అప్పుడు ఆ తీగకే కరెంటు ఎక్కుతుంది. ఆ తీగ కట్టిన ఇనుప పైపుకే బట్టల దండెం కూడా కడతారు. తడి చీర ఆరేస్తూ పోయినవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. దండేనికి ఇనుప తీగ వద్దు, నైలాన్ తాడు వాడండి, దాన్ని సర్వీస్ పైపుకు కాకుండా వేరే కొక్కేనికి కట్టండి. సర్వీస్ వైరు అరిగినట్టు కనిపిస్తే మీరు టేపు చుట్టబోకండి. మీ మెయిన్ ఆపినా అది లైవ్‌లోనే ఉంటుంది, దాన్ని ఆపాల్సింది లైన్‌మనే.