శివరాత్రి ముందూ వెనకా పెరట్లో పనులు: అపోహలు, వాస్తవాలు

ఫిబ్రవరి వస్తే హన్మకొండ, కాజీపేట వైపు నర్సరీల్లో సందడి పెరుగుతుంది. చలి తగ్గింది, మామిడి పూత మీదుంది, పొద్దుటెండ హాయిగా ఉంది, ఇక పెరట్లో ఏదో ఒకటి పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. మిద్దె తోటలు వేసిపెట్టి చూసుకోవడం నా పని కాబట్టి ఈ నెలంతా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అడిగేవాళ్లలో చాలామంది "స్ప్రింగ్ గార్డెన్" వీడియోలు చూసి వస్తారు. అవి చలి దేశాలవి. అక్కడ ఇప్పటి నుంచి మెత్తటి ఎండలు మొదలవుతాయి. మనకు మాఘ ఫాల్గుణాలు ఎండాకాలానికి గుమ్మం. ఇప్పుడు వేసే మొక్క మే నెలలో 43, 44 డిగ్రీలకు కూడా నిలబడాలి, లేదా ఆలోపే కాపు ఇచ్చేయాలి. ఏ విత్తనం కొన్నా, ఎవరి సలహా విన్నా ఈ లెక్క ముందు చూసుకోండి.

అపోహ: "వసంతం ఉగాదికి కదా మొదలయ్యేది, అప్పుడే విత్తనాలు వేద్దాం."

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలే వసంత రుతువు. కానీ తీగ కూరగాయల విత్తనం ఉగాది దాకా ఆగితే ఆలస్యమైనట్టే. లేత తీగ సరిగ్గా ఏప్రిల్ ఎండకు దొరికిపోతుంది. జనవరిలో రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి విత్తనం నిదానంగా మొలుస్తుంది. చలి శివశివా అంటూ వెళ్లిపోయే ఈ రోజుల్లో నేల వెచ్చబడుతుంది. బీర, కాకర, సొర, దోస, పొట్ల, గుమ్మడి ఫిబ్రవరిలోనే వేసేయండి. ఎండలు ముదిరేసరికి తీగ పందిరెక్కి తన మొదలుకు తానే నీడ ఇచ్చుకుంటుంది.

కాకర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి వెచ్చగా ఉన్నచోట పెట్టండి. తెల్లటి మొన కనిపించగానే వేలి కణుపు లోతులో పెట్టండి, అంతకన్నా లోతు వద్దు. బెండ గింజకు ఒక రాత్రి నాననిస్తే చాలు. బెండ, గోకర, అలసంద, పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి మార్చిలో కూడా వేసుకోవచ్చు, ఇవి ఎండకు భయపడేవి కావు. బెండకు మాత్రం తెల్లదోమతో వచ్చే పల్లాకు తెగులు పెద్ద బెడద. దాన్ని తట్టుకునే అర్క అనామిక లాంటి రకం అడిగి తీసుకోండి. ఆకు ఈనెలు పసుపెక్కిన మొక్కకు ఏ మందూ పనిచేయదు, పీకేయడమే.

అపోహ: "నర్సరీలో నారు అమ్ముతున్నారంటే అది నాటే సీజనే."

కాదు. సీజన్ చివర్లో మిగిలిన క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు చవగ్గా వస్తుంది. వేడికి కాలీఫ్లవర్ పువ్వు గట్టిపడక విచ్చుకుపోతుంది. క్యారెట్, బీట్‌రూట్, బఠాణీలు మళ్లీ అక్టోబర్‌లో చూసుకోవచ్చు. టమాట సంగతి కొంచెం వేరు. మొక్క బతుకుతుంది, పూస్తుంది కూడా. కానీ పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా వేడిగా ఉంటే పూలు కాయ కట్టకుండానే రాలిపోతాయి. జనవరిలో నాటినవాళ్లకు మార్చిలో కాయలు అందుతాయి. మార్చిలో నాటేవాళ్లు ఆ కుండీలో బెండ వేసుకుంటే మేలు.

అపోహ: "పూలన్నీ రాలిపోతున్నాయి, దిష్టి తగిలింది" లేదా "పూత మందు కొట్టాలి."

మార్చి నెలలో నాకు అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. "అన్నా, బీర తీగ నిండా పూలే, ఒక్క పిందె లేదు" అంటారు. ఫొటో పంపమంటే పదింటికి తొమ్మిదిసార్లు తీగలో ఏ లోపమూ ఉండదు.

తీగ జాతుల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ముందు మగ పూలు వస్తాయి. అవి ఒక్కరోజు ఉండి రాలిపోతాయి, రాలడం వాటి సహజం. ఆడ పూలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఒకసారి తీగ దగ్గర నిలబడి రేకుల వెనక చూడండి. ఆడ పువ్వుకు రేకుల కింద వేలెడంత చిన్న కాయ అప్పటికే ఉంటుంది, బీరకైతే దాని మీద గీతలు కూడా తెలుస్తాయి. మగ పువ్వుకు సన్నటి కాడ తప్ప ఏమీ ఉండదు. బీరలో మగ మొగ్గలు ఒకే కాడకు గుత్తిగా వచ్చి విడతలవారీగా విచ్చుకుంటాయి, ఆడది ఒంటరిగా వస్తుంది.

ఆడ పూలు కూడా పసుపెక్కి రాలుతుంటే పుప్పొడి అందలేదని అర్థం. మూడో నాలుగో అంతస్తు మిద్దె మీదకు తేనెటీగలు తక్కువగా వస్తాయి. అప్పుడు ఆ పని మనం చేయాలి. ఎప్పుడు చేస్తున్నామన్నదే ఇక్కడ ముఖ్యం. కాకర, దోస, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున తొమ్మిదింటికి సొర పువ్వు మీద ఎంత రుద్దినా లాభం లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అప్పుడే విచ్చిన మగ పువ్వును తెంపి, రేకులు ఒలిచేసి, మధ్యలోని పుప్పొడిని ఆడ పువ్వు నడిమికి మెల్లగా తాకించండి. పుప్పొడి అందిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. అందితే పిందె పచ్చగా లావవుతుంది. లేకపోతే కొన నుంచి పసుపెక్కి ముడుచుకుపోతుంది.

ఇంత చేసినా మగ పూలే వస్తుంటే యూరియా ఎక్కువ వేశారేమో చూసుకోండి. నత్రజని ఎక్కువైతే తీగ ఆకు మీదే పడుతుంది. అందరూ చెప్పే 3జీ కటింగ్, అంటే తీగ కొసను, ఆపై పక్క కొమ్మల కొసలను గిల్లి మూడో తరం కొమ్మలు తెప్పించడం, సొర తీగకు పనికొస్తుంది, ఆ కొమ్మల్లో ఆడ పూలు ఎక్కువగా వస్తాయి. కానీ చిన్న కుండీలో నాలుగాకుల తీగ కొస గిల్లేస్తే అది కోలుకునేలోపే ఎండలు వచ్చేస్తాయి. ముందు పందిరి దాకా పెరగనివ్వండి.

పిందె పుచ్చిపోయి లోపల పురుగులు కనిపిస్తే అది పండు ఈగ పని. అలాంటి కాయల్ని తీసి పక్కన పారేయకండి, లోతుగా పాతిపెట్టండి. ఎర బుట్ట కొనేటప్పుడు తీగలకని చెప్పండి. తీగ కూరగాయల ఈగకు క్యూ లూర్, మామిడి ఈగకు మిథైల్ యూజినాల్. ఒకదాని బదులు ఇంకొకటి కడితే మన తీగను పాడుచేసే ఈగ బుట్టలో పడదు.

అపోహ: "మిట్ట మధ్యాహ్నం నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దాల్లా ఆకుల్ని కాల్చేస్తాయి."

2010లో హంగేరీ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద నీటి చుక్కలు ఆకును కాల్చలేదు. నూగు ఆకుల మీద, చుక్క ఆ నూగు చివర నిలిచినప్పుడు మాత్రమే అలా జరిగే వీలుంది. మన దగ్గర మొక్కల్ని నిజంగా కాల్చేది పైపులోని నీళ్లు. మిద్దె మీద ఎండలో పడున్న పైపులో, నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. అవి నేరుగా వేర్ల మీద పడితే మొక్క వాలిపోతుంది. పొద్దున్నే పోయండి. సాయంత్రం పోయాల్సి వస్తే పైపులోని వేడి నీళ్లను ముందు బకెట్‌లోకి వదిలేసి, చల్లగా వచ్చాకే కుండీలకు పెట్టండి.

అపోహ: "ఎండాకాలం కదా, రోజూ కాసిని కాసిని పోస్తే చాలు."

పైపైన తడిపితే వేర్లు కూడా పైపైనే ఉండిపోతాయి, ఒక్కరోజు ఊరెళ్తే మొక్క వాలిపోతుంది. నేలలో ఉన్న మొక్కకు ఒకసారి లోతుగా పెట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. చలక నేల తొందరగా ఆరుతుంది, నల్లరేగడి ఆలస్యంగా ఆరుతుంది, అందుకే ఇన్ని రోజులకోసారి అని అందరికీ ఒకే లెక్క చెప్పలేం. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే ఆగండి. కుండీల సంగతి వేరు. మే నెలలో వాటికి రెండు పూటలా పోయక తప్పదు.

టమాట కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే గుడ్డు పెంకులు వేయమంటారు. అది కాల్షియం అందక వచ్చేదే. కానీ చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, ఒకరోజు ముంచెత్తి నాలుగు రోజులు ఎండగట్టడం వల్ల కాయకు చేరదు. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. ముందు నీళ్లు క్రమంగా పెట్టడం చూసుకోండి.

కుండీలను స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద పెట్టండి. పడమటి గోడ పక్కనున్న నల్ల ప్లాస్టిక్ కుండీలను ఇప్పుడే జరపండి. షేడ్ నెట్ 50 శాతానిది చాలు, అంతకన్నా చిక్కటిది కడితే కాపు తగ్గిపోతుంది.

అపోహ: "రాలిన ఆకుల్లో పురుగులుంటాయి, ఊడ్చి కాల్చేయాలి."

దీని గురించి గట్టిగానే చెప్తాను. ఫిబ్రవరి, మార్చిలో వేప, కానుగ, రావి ఆకు రాలుస్తాయి, కాలనీల్లో పొద్దున్నే పొగ లేస్తుంది. అదే ఆకును కుండీల్లో, పాదుల్లో నాలుగు వేళ్ల మందాన పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు, తడి ఆగుతుంది, వానలు పడేనాటికి అది ఎరువవుతుంది. కాండానికి మాత్రం ఆనించకండి, చుట్టూ కొంచెం ఖాళీ వదలండి. వరిగడ్డి కూడా ఇంతే బాగా పనిచేస్తుంది. చెట్టు తన ఎండాకాలం కోసం తానే దుప్పటి పరుస్తుంటే మనం దాన్ని తగలబెట్టి, ఆ మట్టి ఎండిపోయిందని మళ్లీ బోరు వేస్తున్నాం.

అపోహ: "చెరువు మట్టి నింపితే కుండీకి ఇంకేమీ అక్కర్లేదు."

పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులున్న నేల మనది. పూడిక మట్టి విలువ ఇక్కడి రైతుకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్ల కొద్దీ పొలాలకు చేరింది కూడా. చలక పొలంలో అది బంగారమే, తడిని పట్టి ఉంచుతుంది. కుండీలో అదొక్కటే నింపితే నాలుగు తడులకు గట్టిపడి, ఆరగానే బీటలిచ్చి, నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చెరువు మట్టి, రెండు పాళ్లు మాగిన పశువుల ఎరువు కలిపి, రైస్ మిల్లులో దొరికే ఊక రెండు దోసిళ్లు వేయండి. ఎరువు బాగా మాగిందై ఉండాలి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వెంటే వస్తాయి.

అపోహ: "మామిడి పూత నిలవాలంటే నీళ్లు బాగా పెట్టి, పూత మీద మందు కొట్టాలి."

పూత విచ్చుకున్నప్పుడు ఎక్కువ నీళ్లు పెడితే పూత రాలి, కొత్త చిగురు వచ్చే ప్రమాదం ఉంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడులు మొదలుపెట్టండి. మామిడి పూలను కాయలుగా మార్చేది ఈగలు, తేనెటీగలే కాబట్టి నిండు పూత మీద పురుగుమందు కొడితే మన కాపును మనమే తగ్గించుకున్నట్టు. తేనెమంచు పురుగుకైనా, బూడిద తెగులుకైనా మందు మొగ్గ దశలో కొట్టాలి, లేదంటే పిందె నిలిచాక. గుత్తికి వందల పూలుంటే చివరికి నిలిచేవి ఒకటి రెండే, అది చెట్టు లక్షణం. రాలిన పిందెలు చూసి టెన్షన్ పడకండి.

అపోహ: "వేప నూనె సహజమైనదే కదా, ఎప్పుడు కొట్టినా ఏమీ కాదు."

ఎండలో కొడితే లేత ఆకు మాడుతుంది. పొద్దు వాలాకే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. బూడిద తెగులుకు వాడే గంధకం పొడి విషయంలో ఇంకా జాగ్రత్త. 32 డిగ్రీలు దాటాక అది ఆకును కాలుస్తుంది, తీగ జాతులకు మరీ పడదు.

అపోహ: "చిగుళ్లు వేస్తున్న కాలం కాబట్టి పండ్ల మొక్కలు ఇప్పుడే నాటాలి, చెట్లు ఇప్పుడే కత్తిరించాలి."

మల్లె కత్తిరింపు పుష్యంలోనే అయిపోవాలి, ఇప్పుడు ఎండు కొమ్మలు తీసి నీళ్లు, ఎరువు ఇవ్వడమే. గులాబీకి అక్టోబర్. జామ, నిమ్మను ఇప్పుడు బోడిగా కొట్టేస్తే బెరడు ఎండకు పగులుతుంది. మామిడి, జామ, సపోట మొక్కలు ఎంత ముద్దొచ్చినా ఇప్పుడు కొనకండి. ఎండాకాలంలో చేయాల్సింది గుంతలు తీయడం. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తీసి, పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోసి, ఎండకు వదిలేయండి. మే ఆఖర్లో పై మట్టిలో రెండు తట్టల మాగిన ఎరువు, కిలో వేప పిండి కలిపి గుంత నింపండి. మృగశిర వెళ్లి, రెండు గట్టి వానలు పడి, ఆ మట్టి కుంగాక మొక్క పెట్టండి.