స్కానింగ్ జెల్ మందు కాదు: అల్ట్రాసౌండ్ గురించి అపోహలు - వాస్తవాలు

రోజంతా స్కానింగ్ గదిలోనే ఉంటాను. చేతిలో ప్రోబ్ (ఒంటికి ఆనించి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని అందుకునే పరికరం), ఎదురుగా తెర. పడుకున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలావరకు శబ్దం ఒంట్లో ఎలా ప్రయాణిస్తుందన్న దగ్గరికే వస్తాయి.

అపోహ: జెల్ ఒక మందు, లేదంటే ప్రోబ్ జారడానికి రాసేది.

వాస్తవం: జారడానికి పనికొస్తుంది కానీ దాని అసలు పని గాలిని తప్పించడం. సాంద్రతలో, శబ్ద వేగంలో బాగా తేడా ఉన్న రెండు పదార్థాలు కలిసే చోట శబ్దం వెనక్కి తిరుగుతుంది. గాలికీ ఒంటికీ మధ్య తేడా ఎంతంటే 99 శాతానికి పైగా అక్కడే తిరిగొచ్చేస్తుంది. ప్రోబ్ ఒక అంచు కాస్త పైకి లేస్తే చాలు, తెర మీద ఆ వైపంతా నల్లబడిపోతుంది. కడుపు కింది భాగం స్కానింగ్‌కి నీళ్లు తాగి రమ్మనేదీ ఈ గాలి గొడవ వల్లే. నిండిన మూత్రాశయం గ్యాస్ ఉన్న పేగుల్ని పక్కకి నెడుతుంది, మూత్రంలోంచి శబ్దం హాయిగా లోపలికి వెళ్తుంది.

అపోహ: ఇందులోనూ ఎక్స్‌రేలాగే రేడియేషన్ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. ఇది మన చెవికి అందని శబ్దం, అంటే కదలిక మాత్రమే. కణజాలాన్ని కొద్దిగా వేడి చేయగలదు కాబట్టి అవసరమైనంత సేపే వాడతాం.

అపోహ: చిక్కటి పదార్థంలో ఏ తరంగమైనా నెమ్మదిస్తుంది.

వాస్తవం: కాంతి విషయంలో ఇది సాధారణంగా నిజమే. శూన్యంలో సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి నీటిలో సుమారు 2.25 లక్షలకి పడిపోతుంది. శబ్దం తీరు వేరు. గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు, నీటిలో 1480, ఎముకలో 3000 పైమాటే. పదార్థం ఎంత బిగువుగా ఉంటే శబ్దం అంత త్వరగా ముందుకి పోతుంది. మెషీన్ మాత్రం ఒళ్లంతా శబ్ద వేగం 1540 అనే లెక్కతోనే, ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు కొలుస్తుంది. కొవ్వులో వేగం 1450 దగ్గర ఉంటుంది కాబట్టి కొలతల్లో చిన్న తేడాలొస్తాయి, అది మేం గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: తెర మీద నల్లగా కనిపించిందంటే ఏదో జబ్బు.

వాస్తవం: ఈ టెన్షన్ చాలామంది ముఖాల్లో చూస్తుంటాను. నలుపంటే అక్కడినుంచి ప్రతిధ్వని రాలేదని అర్థం, అంతే. గాల్ బ్లాడర్‌లో ఉండేది పైత్యరసం. ద్రవం కాబట్టి అది నల్లగానే ఉండాలి. శబ్దం దాంట్లో పెద్దగా బలం కోల్పోదు, అందుకే దాని వెనక భాగం చుట్టుపక్కల కంటే తెల్లగా మెరుస్తుంది. లోపల రాయి ఉంటే కథ మారుతుంది. రాయి ముందు అంచు తెల్లగా, వెనక కత్తితో కోసినట్టు నల్లటి నీడ. అప్పుడు పక్కకి ఒత్తిగిలమంటాను. రాయి దొర్లుతుంది, నీడా దాని వెంటే జరుగుతుంది. రాయి చిన్నదైనప్పుడు, దానికంటే ముందు ఆ నీడే నా కంట పడిన రోజులు చాలా ఉన్నాయి.